డెబ్భై ఏడో ఏట గోదావరి తీరానికి: ఫాదర్ హయ్యర్ మూడో ప్రయాణం

గుంటూరు, పల్నాడు ప్రాంతాల లూథరన్ సంఘాల వారికి జూలై 31 పండుగ రోజు వంటిది. 1842లో ఆ రోజున ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టారు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం తన పుట్టుకను ఆనాటి నుంచే లెక్కించుకుంటుంది.

ఆ మొదటి రాక గురించి చాలామందికి తెలుసు. ఆయన తెలుగు దేశానికి మూడు సార్లు వచ్చారని, మూడోసారి వచ్చేనాటికి ఆయనకు 76 ఏళ్ళు నిండాయని తెలిసినవారు తక్కువ. ఆ మూడో రాక స్థిరపడడానికి కాదు. ఒక పని చక్కబెట్టి, మరొకరి చేతిలో పెట్టి తిరిగి వెళ్ళడానికి. ఏడాదికి పైచిలుకు మాత్రమే సాగిన ఆ మజిలీ వల్లనే రాజమండ్రి లూథరన్ మిషన్ నిలబడింది.

ఆయన పూర్తి పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. లూథరన్ పాదిరీలను ఫాదర్ అని పిలవడం సాధారణంగా లేదు. ఆయన్ను మాత్రం అమెరికాలోనూ ఇక్కడా తండ్రి వంటివాడన్న అభిమానంతో అలాగే పిలుచుకున్నారు. ఆ పిలుపే పేరుగా స్థిరపడింది.

పద్నాలుగో ఏటనే ఓడ ప్రయాణం

హయ్యర్ 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో జన్మించారు. తండ్రి ఉన్నితోళ్ళ పనివాడు. యూరప్ అంతటా నెపోలియన్ యుద్ధాలు సాగుతున్న కాలమది. ఈడొచ్చిన కుర్రవాళ్ళను సైన్యంలోకి పట్టుకుపోయేవారు. 1807లో తల్లిదండ్రులు కొడుకుకు చర్చిలో ధృవీకరణ కార్యం జరిపించి, అదే ఏడాది అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ దగ్గరకు ఓడ ఎక్కించారు. అప్పటికి ఆ అబ్బాయికి పద్నాలుగేళ్ళు.

మేనమామది కూడా తోళ్ళు, టోపీల వ్యాపారమే. హయ్యర్ పని నేర్చుకున్నారు గాని మనసు దానిమీద నిలవలేదు. ఫిలడెల్ఫియాలోని జర్మన్ లూథరన్ పాదిరీల వద్ద దైవశాస్త్రం చదివారు. 1815లో జర్మనీ వెళ్ళి గోటింగెన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదువుకుని తిరిగివచ్చారు. 1817లో బోధించడానికి అనుమతి, 1820లో పాదిరిగా అభిషేకం పొందారు.

1819లో మేరీ అనే వితంతువును వివాహమాడారు. ఆమెకు అప్పటికే ఇద్దరు పిల్లలు. ఈ దంపతులకు మరో ఆరుగురు కలిగారు. అంత సంసారమున్నా హయ్యర్ ఒక ఊళ్ళో కుదురుగా ఉన్నది తక్కువ. పెన్సిల్వేనియా, మేరీలాండ్ రాష్ట్రాల కొండ పల్లెల్లో, పడమటి దిక్కున కొత్తగా వెలుస్తున్న జనపదాల్లో గుర్రం మీద తిరిగారు. చెల్లాచెదరుగా ఉన్న జర్మన్ కుటుంబాలను ఒకచోట చేర్చడం, చిన్న చర్చి నిలబెట్టడం, సండే స్కూలు పెట్టడం, అది నడకలో పడగానే మరో ఊరికి పోవడం ఆయన పద్ధతి. ఈ అలవాటే తరువాత తెలుగు నేల మీద అక్కరకు వచ్చింది.

1839 జనవరిలో భార్య కన్నుమూసింది. పెన్సిల్వేనియాలోని ఫ్రీడెన్స్ అనే గ్రామంలో ఆమెను సమాధి చేశారు.

మొదటి సన్నాహం

దక్షిణ భారతదేశంలోని తిరునల్వేలిలో పనిచేస్తున్న రేనియస్ అనే జర్మన్ మిషనరీ అంతకుముందు అమెరికా లూథరన్లను సహాయం కోరి ఉన్నారు. అది విని అక్కడి సంఘాలు తొలిసారిగా విదేశీ మిషన్ గురించి ఆలోచించడం మొదలుపెట్టాయి. ఎవరిని పంపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు హయ్యర్ పేరు తేలింది. ఇంతలో 1838లో రేనియస్ మరణించారు. ఆయన అనుచరులు తిరిగి ఆంగ్లికన్ వారి చర్చ్ మిషనరీ సొసైటీలో కలిసిపోయారు. పిలిచిన ఇల్లే మూతపడినా హయ్యర్ ప్రయాణం మానుకోలేదు.

బాల్టిమోర్ చేరి సంస్కృతం, కొంత వైద్యం నేర్చుకున్నారు. ఏ భాషా ప్రాంతంలో పనిచేయవలసి వస్తుందో అప్పటికి ఇంకా తేలలేదు. సంస్కృతం వస్తే దక్షిణాది భాషలు తేలికవుతాయని ఆనాటి నమ్మకం. వైద్యం సంగతి వేరు. డాక్టరు దొరకని చోట మందుల పెట్టె ఎంత పని చేస్తుందో ఆయనకు తెలుసు.

బయలుదేరే ముందు ఒక చిక్కు వచ్చింది. ఆయన్ను పంపదలచిన సంస్థ, ఇతర శాఖల వారు నడిపే పెద్ద అమెరికన్ మిషన్ బోర్డుతో కలిసి పనిచేయాలని నిర్ణయించింది. లూథరన్ మిషనరీ లూథరన్ల పంపునే పోవాలన్నది హయ్యర్ పట్టుదల. ఆయన రాజీనామా ఇచ్చారు. 1748లో ఏర్పడిన పెన్సిల్వేనియా మినిస్టీరియం అనే పాదిరీల సభ ముందుకు వచ్చి ఆయన్ను తన తరఫున పంపింది. అమెరికా లూథరన్లు విదేశానికి పంపిన మొదటి మిషనరీ ఆయనే అయ్యారు.

1841 అక్టోబరులో బోస్టన్ రేవులో ఓడ ఎక్కేనాటికి ఆయనకు 48 ఏళ్ళు. ఆ రోజుల్లో ఇండియా ప్రయాణమంటే ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావడమే. తెరచాపల ఓడలో అయిదు నెలలు పట్టింది. ఉత్తరం రాస్తే అందడానికీ అన్ని నెలలే. పిల్లలను, తల్లి సమాధిని అక్కడ విడిచి, ఒంటరిగా వచ్చారు.

కరువు తీరని సీమకు

1842 మార్చిలో కొలంబో చేరి, అక్కడి నుంచి తూత్తుకుడి మీదుగా మద్రాసు వచ్చారు. తెలుగు సీమలో పనిచేసేవారు తక్కువని తెలిసి ఉత్తరానికి కదిలారు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840 నుంచి పని చేస్తున్నారు. దానికి ఎగువన గుంటూరు సీమకు లూథరన్లు ఎవరూ అప్పటిదాకా రాలేదు. రైలు లేదు. పల్లకీలు, ఎడ్లబళ్ళే దిక్కు.

గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్ మిషనరీ కోసం ఎదురుచూస్తున్న మనిషి. ఆయన హయ్యర్‌కు ఆశ్రయమిచ్చారు. తన సంరక్షణలో నడుస్తున్న ఇంగ్లీషు బడిని అప్పగించారు. డబ్బు సాయమూ చేశారు. పాలకుల అండ అలా మొదటి నుంచీ మిషన్‌కు ఉంది. దానివల్ల పని తేలికైందనడంలో సందేహం లేదు. దొరల మతమన్న మాట పడడానికీ అదే కారణమైంది.

హయ్యర్ వచ్చేనాటికి గుంటూరు సీమ ఇంకా పూర్తిగా తేరుకోలేదు. 1832-33లో వచ్చిన నందన కరువు, జనం నోట డొక్కల కరువు, ఈ సీమను తుడిచిపెట్టింది. అయిదు లక్షల జనాభాలో లక్షన్నర మందికి పైగా చనిపోయారని అంచనాలున్నాయి. కృష్ణ ఆనకట్ట అప్పటికి కాగితం మీద కూడా సరిగా లేదు. అది పూర్తయింది 1855లో. పదేళ్ళ కిందట శవాలు లేచిన ఊళ్ళలో బడి పెడతానని ఒక దొర తిరగడం జనానికి వింతగానే తోచి ఉంటుంది.

మొదట్లో ఆయన దుబాసీ సాయంతో బోధించారు. పట్టుదలగా తెలుగు నేర్చుకున్నారు. పిల్లలకు బడులు పెట్టారు. ఆడపిల్లల చదువు మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టారు. అక్షరం తమది కాదనుకున్న వాడల పిల్లలు ఈ బడుల్లో కూర్చున్నారు. 1844లో వాల్టర్ గన్ దంపతులు వచ్చి ఆయనకు తోడయ్యారు.

డాక్టరు పాదిరిగా పల్నాడులో

ఆరోగ్యం దెబ్బతినడంతో 1846 నాటికి హయ్యర్ అమెరికా చేరుకున్నారు. విశ్రాంతి తీసుకుంటారని అందరూ అనుకున్నారు. ఆయన బాల్టిమోర్‌లో ఒక సంఘాన్ని నిలబెడుతూనే వైద్య కళాశాలలో చేరారు. యాభై దాటిన వయసులో కుర్రవాళ్ళ పక్కన బల్ల మీద కూర్చుని 1847లో ఎం.డి. పట్టా పొందారు. మొదటిసారి గుంటూరులో ఉన్న మూడేళ్ళలో తనకేమి కొరవడిందో ఆయనకు అర్థమైంది. ఆ కొరతను తీర్చుకుని మరీ రెండో ప్రయాణానికి సిద్ధమయ్యారు.

రెండోసారి వచ్చాక గుంటూరులో కూర్చోలేదు. 1849లో గురజాల చేరి పల్నాడులో మకాం పెట్టారు. కలెక్టరు స్టోక్స్ సాయం అక్కడా అందింది. రాతి నేల, వేసవిలో ఎండ, వానలు వస్తే దాటలేని వాగులు. గుంటూరుకు మందు కోసం పంపితే మనిషి తిరిగివచ్చేసరికి రోజులు పట్టేది. అటువంటి చోట ఆయన మందుల పెట్టె, తెలుగు మాట, బడి పలక మూడూ పట్టుకుని తిరిగారు. దళిత వాడల్లో బాప్తిస్మం పొందినవారి సంఘాలు గురజాల చుట్టుపక్కల గ్రామాల్లో ఏర్పడ్డాయి. నేటి పల్నాడు జిల్లా లూథరన్ సంఘాలకు మూలం అదే.

1851లో వాల్టర్ గన్ క్షయవ్యాధితో గుంటూరులో మరణించారు. దాదాపు అదే సమయానికి రాజమండ్రిలో ఉత్తర జర్మనీ మిషన్ వారు 1840లలో ప్రారంభించిన పని కూడా అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. ఆ జర్మన్ మిషన్‌కు స్వదేశం నుంచి డబ్బు అందక ఇబ్బందులు పడడమే దానికి కారణం. గుంటూరు, రాజమండ్రి ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. మిషనరీల సంఖ్య మాత్రం ఆ మేరకు పెరగలేదు.

1857లో హయ్యర్ మళ్ళీ ఆరోగ్యం చెడి స్వదేశం చేరారు. అప్పటికి 64 ఏళ్ళు. ఇక ఇండియా ముఖం చూడరనే అందరూ భావించారు. ఆయన అమెరికా వాయవ్య సరిహద్దున ఉన్న మిన్నెసోటాకు వెళ్ళి మంచు నేలల్లో పాత పద్ధతిలోనే తిరగడం మొదలుపెట్టారు. 1860లో అక్కడి లూథరన్ సంఘాల సినడ్ ఏర్పాటు చేసి దానికి మొదటి అధ్యక్షుడయ్యారు.

రాజమండ్రి చేజారిపోతున్న వేళ

ఇంతలో రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది 1861 నుంచి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధం. లూథరన్ సంఘాలు ఉత్తర, దక్షిణాలుగా చీలాయి. మిషన్ నిధులు ఎండిపోయాయి. రెండోది సిద్ధాంత విభేదం. 1866లో పెన్సిల్వేనియా మినిస్టీరియం జనరల్ సినడ్ నుంచి బయటకు వచ్చింది. 1867లో జనరల్ కౌన్సిల్ అనే మరో సంస్థ ఏర్పడింది. పంపేవాళ్ళు తగవుపడుతుంటే ఇక్కడ పనిచేసేవాళ్ళు కరువయ్యారు. 1860ల చివరి సంవత్సరాల్లో అంత విశాలమైన తెలుగు క్షేత్రానికి ఉనాంగ్స్ట్ అనే ఒక్క మిషనరీ మిగిలారు. గుంటూరు నుంచి రాజమండ్రి చూసుకోవడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. మధ్యలో కృష్ణ, గోదావరి రెండూ దాటాలి. రెంటి మీదా వంతెన లేదు.

చేయలేని పనిని చేయగలవారికి అప్పగించడం మేలన్న ఆలోచన వచ్చింది. మచిలీపట్నంలో 1841 నుంచి చర్చ్ మిషనరీ సొసైటీ వారు గట్టిగా పనిచేస్తున్నారు. రాజమండ్రి, సామర్లకోట కేంద్రాలను వారికి ఇచ్చివేయడానికి ఏర్పాట్లు దాదాపు పూర్తయ్యాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. తీసుకునేవారు సమర్థులు. ఇచ్చేవారికి శక్తి లేదు.

ఈ వార్త తెలిసేనాటికి హయ్యర్ జర్మనీలో ఉన్నారు. మిన్నెసోటా పని ముగించుకుని పుట్టిన ఊరు చూసుకోవడానికి వెళ్ళారు. అక్కడ తెలుగు క్షేత్రంలో తనతోపాటు పనిచేసి 1865లో స్వదేశం చేరిన గ్రోనింగ్ అనే మిషనరీని కలుసుకున్నారు. గ్రోనింగ్ ద్వారానే సంగతి తెలిసింది. రేనియస్ పని ఆంగ్లికన్లలో కలిసిపోవడంతో మొదటి సన్నాహం తారుమారైన హయ్యర్‌కు, ముప్ఫై ఏళ్ళ తరువాత అదే కథ తన కళ్ళముందు మళ్ళీ జరగబోతోందని అనిపించింది.

గ్రోనింగ్ పెన్సిల్వేనియాకు విజ్ఞప్తి రాశారు. హయ్యర్ ఉత్తరంతో సరిపెట్టుకోలేదు. తానే ఓడ ఎక్కారు.

రెడింగ్ సభ

1869 మేలో పెన్సిల్వేనియా మినిస్టీరియం వార్షిక సభలు రెడింగ్ పట్టణంలో జరిగాయి. హయ్యర్ ఆ సభ ముందు నిలబడి రాజమండ్రిని వదులుకోవద్దని కోరారు. వదులుకోకుండా ఉండాలంటే వెంటనే ఎవరైనా వెళ్ళి అక్కడ కూర్చోవాలి. కొత్తవాడు వెళితే భాష నేర్వడానికే ఏళ్ళు పడుతుంది. అంతదాకా ఆగే వ్యవధి లేదు. తెలుగు వచ్చినవాడు, అక్కడి మనుషులను ఎరిగినవాడు, ఇంటి బంధాలు లేనివాడు కావాలి. ఆ లెక్కకు సరిపోయే మనిషి సభలో ఒక్కరే ఉన్నారు. తానే వెళతానని ఆయన ప్రకటించారు.

ప్రయాణపు సంచి సర్దుకుని చేతబట్టుకునే సభకు వచ్చారని లూథరన్ కుటుంబాల్లో తరతరాలుగా చెప్పుకునే కథ. సంచి మాట ఎలా ఉన్నా మనిషి మాత్రం సర్దుకునే వచ్చాడనడంలో సందేహం లేదు.

సభవారు ఆశ్చర్యపోయారు. సమ్మతించారు. రాజమండ్రిని తమకే ఉంచవలసిందిగా జనరల్ సినడ్‌ను కోరారు. అందుకు వారు అంగీకరించారు. చర్చ్ మిషనరీ సొసైటీ వారు కూడా మాట పట్టింపులకు పోకుండా తప్పుకున్నారు.

ఏ సన్నాహంతో వచ్చారు?

సభ నాటికీ ప్రయాణానికీ మధ్య మూడు నెలలే ఉన్నాయి. జూలైలో 76 ఏళ్ళు నిండి 77వ ఏడు నడుస్తోంది. ఆ వయసువాడిని సముద్రం మీదికి పంపడం భావ్యమా అన్న శంక ఎవరికైనా కలగడం సహజమే. హయ్యర్ విషయంలో దానికి జవాబు ఆయన గత జీవితంలో ఉంది.

మూడు నెలల్లో ఎవరూ తెలుగు నేర్చుకోలేరు. ఆయన దాన్ని ఇరవై ఏడేళ్ళ కిందటే మొదలుపెట్టారు. మూడు నెలల్లో ఎవరూ వైద్యులు కాలేరు. ఆయన చేతిలో 1847 నాటి పట్టా ఉంది. ఎండకు ఎలా మెలగాలో, బండి కట్టే వేళ ఏదో, ఊరి పెద్దతో ఎలా మాట్లాడాలో కొత్తగా చెప్పవలసిన పని లేదు. తాత్కాలికంగా పోయే మనిషికి కావలసినవన్నీ దీర్ఘకాలంలో సమకూరినవే.

ఆయన ప్రత్యేకంగా చేసిన ఏర్పాటు మరొకటుంది. తన తరువాతి మనిషిని ముందే చూసుకోవడం. గ్రోనింగ్ ఇంట ష్లెస్విగ్ ప్రాంతానికి చెందిన హన్స్ క్రిస్టియన్ ష్మిట్ అనే యువకుడి పరిచయం కలిగింది. ఆ యువకుడు రాజమండ్రికి రావడానికి సిద్ధపడ్డాడు. అంటే హయ్యర్ ఓడ ఎక్కేనాటికే తాను దిగిపోయే రోజు కూడా ఆలోచించి పెట్టుకున్నారు. తన తరువాత ఎవరన్నది తేల్చుకోకుండా వెళితే, తాను కన్నుమూసిన మర్నాడు రాజమండ్రి మళ్ళీ మొదటికి వస్తుందని ఆయనకు తెలుసు.

గోదావరి ఒడ్డున

ఆగస్టు ఆఖరున అమెరికాలో బయలుదేరి డిసెంబరు మొదట్లో రాజమండ్రి చేరారు. మొదటిసారి గుంటూరు చేరడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఈసారి మూడు నెలలు. ఆవిరి ఓడలు వచ్చాయి. సూయజ్ కాలువ ప్రారంభమైంది ఆ నవంబరులోనే.

గోదావరి సీమ కూడా మారింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టా అంతా పచ్చబడింది. కాలువల్లో పడవలు తిరుగుతున్నాయి. కాని మిషన్ స్థితి అలా లేదు. ఏళ్ళ తరబడి నిలకడగా చూసేవారు లేక సంఘం చెదిరింది. బడులు సన్నగిల్లాయి. మరో శాఖలోకి మారవలసి వస్తుందనుకుని అయోమయంలో ఉన్న స్థానిక విశ్వాసుల ముందు, తెల్లటి గడ్డంతో తెలుగు మాట్లాడే ముదుసలి వచ్చి నిలబడ్డారు.

ఆయన రాజమండ్రి, సామర్లకోటల మధ్య తిరిగారు. సంఘాన్ని కూర్చారు. ఉపదేశకులను, బడిపంతుళ్ళను మళ్ళీ పనిలో నిలబెట్టారు. లెక్కాడొక్కా చూసుకున్నారు. ఇవేవీ చరిత్రలో పెద్ద అక్షరాలతో రాసే పనులు కావు. ఇల్లు పడిపోకుండా గుంజ పట్టుకుని నిలబడడం వంటివి.

1870లో బెకర్ అనే కొత్త మిషనరీ అమెరికా నుంచి వచ్చారు. ఇక భారం తగ్గిందనుకునే లోపలే, వచ్చిన కొద్ది వారాలకే ఆయన మరణించారు. యువకుడు పోయాడు, ముసలివాడు మిగిలాడు. పంపిన సభ తొలి ఆశ అలా మట్టిపాలైంది. ఆ నెలలే హయ్యర్ మూడో ప్రయాణంలో గడ్డు కాలం. తనకేదైనా జరిగితే చూసేవారు లేరు. వెళ్ళిపోదామంటే అప్పగించేవారు లేరు.

ఆగస్టులో ష్మిట్ రాజమండ్రి చేరారు. హయ్యర్ ఆయన్ను వెంటబెట్టుకుని ఊళ్ళు చూపారు. మనుషులను పరిచయం చేశారు. కొత్తవాడు పనిలో కుదురుకుంటున్నాడని నమ్మకం కలిగాక 1871 ఆరంభంలో సెలవు తీసుకున్నారు. ఉండిపోవాలని ఆయనకు అనిపించి ఉంటే ఎవరూ కాదనేవారు కారు. ఆ వయసులో ఇక్కడే కన్నుమూసినా గౌరవమే. కాని పెద్దవాడు పక్కన ఉన్నంతకాలం చిన్నవాడు తనంతట నిలబడలేడు. పెన్సిల్వేనియా కొండల్లో యువకుడిగా పాటించిన పద్ధతినే ఆయన చివరా పాటించారు. పని నడకలో పడింది, తప్పుకున్నారు.

చివరి రోజులు

అమెరికా చేరాక ఫిలడెల్ఫియాలోని లూథరన్ దైవశాస్త్ర కళాశాల ఆయనకు చోటిచ్చింది. అక్కడి విద్యార్థులకు పెద్ద దిక్కుగా, ఆధ్యాత్మిక బోధకుడిగా ఉన్నారు. మూడుసార్లు సముద్రాలు దాటిన మనిషి అనుభవాలు వింటూ కుర్రవాళ్ళు చదువుకున్నారు. 1873 నవంబర్ 7న ఆయన మరణించారు. వయసు 80. కోరుకున్న చోటే, ఫ్రీడెన్స్ గ్రామంలో, ముప్ఫై నాలుగేళ్ళ కిందట విడిచివచ్చిన భార్య సమాధి పక్కన ఆయన్ను ఉంచారు.

ష్మిట్ మూడు దశాబ్దాలకు పైగా రాజమండ్రిలోనే పనిచేశారు. ఏడాది పాటు కాపాడిన పని ముప్ఫై ఏళ్ళు నిలకడగా సాగిందంటే ఆ అప్పగింత ఎంత సరిగా జరిగిందో తెలుస్తుంది. గోదావరి ప్రాంతంలో ఆ తరువాత వెలసిన లూథరన్ సంఘాలు, బడులు, ఆసుపత్రులు, దైవశాస్త్ర విద్యాలయం ఆ వరుసలోనివే. గుంటూరులో ఆయన వేసిన బాటలోనే 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చి స్త్రీల కోసం వైద్యశాల నెలకొల్పారు. 1885లో ప్రారంభమైన కళాశాల ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా పేరు పొందింది. 1927లో గుంటూరు, రాజమండ్రి క్షేత్రాలు రెండూ ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఒక్కటయ్యాయి. 1869లో రాజమండ్రి చేజారి ఉంటే ఆ కలయికకు అవకాశమే ఉండేది కాదు.

మత ప్రచారం మీద ఎవరి అభిప్రాయాలు వారికి ఉండవచ్చు. కలెక్టర్ల అండతో సాగిన పనిని ప్రశ్నించే హక్కు చరిత్రకారులకు ఉంది. హయ్యర్ చూపిన సన్నాహం మాత్రం ఏ శాఖ వారైనా, ఏ సేవకైనా గమనించదగింది. నేడు విమానం ఎక్కి రెండు వారాలకు, మూడు వారాలకు విదేశీ సేవకు పోయి వచ్చేవారు ఉన్నారు. మన ప్రాంతానికి వచ్చేవారూ ఉన్నారు, మన ప్రాంతం నుంచి పోయేవారూ ఉన్నారు. టిక్కెట్టు, వీసా, మందులు, సామాను నెల రోజుల్లో సిద్ధమవుతాయి. అక్కడి భాష, అక్కడివారికి నిజంగా అక్కరకొచ్చే ఒక విద్య, తాను తిరిగివచ్చాక పని చూసుకునే మనిషి, ఈ మూడూ నెల రోజుల్లో సిద్ధం కావు.

1869 మేలో రెడింగ్ సభకు హయ్యర్ వెంట తెచ్చుకున్నది ఆ మూడింటినే. గురజాల రాళ్ళ మీద, గుంటూరు బడుల్లో, బాల్టిమోర్ వైద్య కళాశాల బల్లల మీద వాటిని సంపాదించడానికి ఆయనకు మూడు దశాబ్దాలు పట్టింది. వాటిని రాజమండ్రిలో ఖర్చు పెట్టడానికి ఒక్క ఏడాది సరిపోయింది.